చెల్లీ, ఇది ఒకసారి చూడు

సెప్టెంబరు 4

మూడో మంచం దగ్గర మిషన్ ఆగింది. తొమ్మిది సెకన్లు.

వార్డు సిస్టరు ఫోన్ చేసి, పాలు పొంగాయన్నంత తేలిగ్గా చెప్పింది. "సెన్సరు తీగ మార్చానండి. స్క్రీను నల్లబడిపోయింది. గాలి సంచి తగిలించి చేత్తో నొక్కుతూ కూర్చున్నా. తొమ్మిది లెక్కపెట్టేసరికి దానంతటదే లేచింది."

తొమ్మిది అనగానే అర్థమైంది. ఊపిరి మిషన్‌ని నడిపే మూల ప్రోగ్రాము, కెర్నెల్, కుప్పకూలితే కాపలా టైమరు దాన్ని తట్టి లేపుతుంది. లేవడానికి సరిగ్గా తొమ్మిది సెకన్లు. ఆ లెక్క కట్టింది అన్నయ్యే. అంతకంటే తగ్గించలేకపోతున్నానని వారం రోజులు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మా కంపెనీ ప్రయోగానికి వార్డులో పెట్టినవి నాలుగే మిషన్లు. నవంబరు ఇరవై ఐదున ఇంకో నలభై వెళ్ళాలి. మా మేనేజరుకి మేం పెట్టుకున్న పేరు గడువు గారు. "ఎప్పటికల్లా అవుతుంది?" అన్నారు. ఏమైందని అడగలేదు.

అన్నయ్య పోయి నలభై నాలుగు రోజులు. రేపటి నుంచి ఆఫీసులో తన గదిలో కూర్చోవాలి. మేం రాసే కోడుని ఈ మిషన్‌లో నడిచే ప్రోగ్రాముగా మార్చే పాత కంపైలరు ఉన్న కంప్యూటరు, మా బిల్డు పెట్టె, అక్కడే ఉంది.

సెప్టెంబరు 5

గదిలో ఎవరూ ఏమీ కదపలేదు. కుర్చీ వెనక స్వెట్టరు. కీబోర్డు మీద అరిగిపోయిన అక్షరాలు. బల్ల మీద పరీక్ష మిషన్, దానికి తగిలించిన రబ్బరు ఊపిరితిత్తి. ఇన్నాళ్ళూ ఎవరూ ఆపలేదు కాబట్టి అది పైకీ కిందకీ లేస్తూనే ఉంది. తలుపు తీసేసరికి గదిలో ఎవరో పడుకుని ఉన్నట్టే అనిపించింది. నవ్వొచ్చింది కూడా.

సెన్సరు తీగ పీకడం, పెట్టడం. పీకడం, పెట్టడం. ఏడోసారికి కూలింది. కూలేముందు లాగ్‌లో, అంటే మిషన్ రాసుకునే దినచర్యలో, ఆఖరి లైను:

చెల్లీ, ఇది ఒకసారి చూడు

ఇది తన అలవాటు. కోడ్‌లో ఎక్కడ అనుమానం ఉంటే అక్కడ లాగ్‌లోకి ఒక మాట వదిలేవాడు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. మార్చిన కోడు, అంటే ప్యాచ్, లోపలికి వెళ్ళేముందు ఆ మాటలు తీసేసేవాళ్ళం. ఇదొక్కటి మిగిలిపోయినట్టుంది.

కాసేపు కారిడార్‌లో నిలబడి వచ్చాను. ఆ మాట ఎక్కడుందో కమాండుతో వెతికించి, ఆ కమాండుతోనే లైను తీయించేశాను. ఫైలు తెరవలేదు. తెరవాల్సిన పని లేదు, అది చూసిన ఫైలే. అడుగున రెండు పేర్లున్నాయి. రాసినది అన్నయ్య, చూసినది నేను. రెండు పేర్లు లేనిదే మా దగ్గర ఏ కోడూ లోపలికి వెళ్ళదు.

సెప్టెంబరు 8

తీసేసిన లైను మళ్ళీ వచ్చింది.

సెప్టెంబరు 9

బిల్డు చేసి వచ్చిన ఇమేజిల్లో పాతది మిషన్‌లోకి ఎక్కించానేమో అనుకున్నాను. మళ్ళీ బిల్డు చేసి మళ్ళీ ఎక్కించాను. సోర్సులో, అంటే మేం రాసే కోడులో, ఆ మాట ఎక్కడా లేదు, మూడుసార్లు వెతికించాను. తీగ పీకాను.

చెల్లీ, ఇది ఒకసారి చూడు

కాకమ్మ కథలు నేను నమ్మను. చిన్నప్పుడు చీకటి గదిలోకి నన్ను ముందు తోసి, వెనక నిలబడి "ఏముందే?" అని అడిగింది తనే. ఏమీ ఉండేది కాదు.

సెప్టెంబరు 15

కూలిన క్షణంలో మెమరీ ఎలా ఉందో దింపి చూశాను. వాడి వదిలేసిన జాగానంతా కెర్నెల్ ఒకే గుర్తుతో నింపుతుంది, ఖాళీ ఇంటికి సున్నం కొట్టినట్టు. పేజీలకు పేజీలు అదే గుర్తు. మధ్యలో ఒకచోట మాత్రం ఏడు అంకెలు. ఒకదానికంటే ఒకటి పెద్దది.

అవి ఊపిరి లెక్కలు. ట్యూబులో గాలి ఒత్తిడి. ఎవరూ లేని జాగాలో ఎవరో ఊపిరి పీల్చడం మొదలుపెట్టారు. పీల్చడమే ఉంది, వదలడం లేదు.

సెప్టెంబరు 23

జాగా వదిలేశాక కూడా ఎవరో దాని చిరునామా పట్టుకుని రాస్తున్నారు. అంతవరకూ ఖాయం. ఎవరన్నదే తేలాలి. ఆ జాగాని వాడే ఫైళ్ళు మొత్తం పన్నెండు. ఇప్పటికి ఐదు చదివాను. ఒక్కో లైనూ చదివాను, ఎవరూ నన్ను తప్పుపట్టలేనంత శ్రద్ధగా.

అన్నయ్యది చదవక్కర్లేదు. అది చూసిందే.

సెప్టెంబరు 26

వార్డుకి వెళ్ళాను. మూడో మంచం మీద ఉన్నది రిటైరైన డ్రాయింగు మాష్టారు. గొంతులో ట్యూబు, అందుకని మాట్లాడలేరు. పలక మీద రాస్తారు. నేను ఎవరో సిస్టరు చెప్పగానే రాశారు: "మీరేనా నాకు ఊపిరి పోసేది? చాలా చిన్నపిల్లలా ఉన్నారే." నాకు నలభై ఒకటి అన్నాను. దాని కింద నా ముక్కు బొమ్మ వేసి చూపించారు. ముక్కు మరీ పెద్దగా వేశారు.

మిషన్ ఆగినప్పుడు ఎలా ఉంటుందని అడిగాను. చాలాసేపు రాశారు.

"ఆగేముందు లోపల ఎవరో గుటక మింగినట్టు వినిపిస్తుంది. ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టు."

అది గాలి కవాటం మూసుకునే చప్పుడని చెప్పాను. నిజంగానే అది కవాటమే. మాష్టారు తలూపారు కానీ నమ్మినట్టు లేరు. సిస్టరు మాత్రం ఒక్క మాటే అంది. "నేను పక్కనున్నంతసేపూ భయం లేదండి. ముప్పై మంచాలకి ఇద్దరం ఉన్నాం."

అక్టోబరు 6

ఇవాళ తెలిసింది.

బిల్డు చేస్తుంటే తెర మీద పసుపు రంగులో ఒక హెచ్చరిక పరిగెడుతుంది. నెల నుంచీ పరిగెడుతోంది, నేనే చదవలేదు. ఈ రోజు ఆపి చదివాను. ఒక ఫైలు తేదీ ఇంకా రాలేదట.

ఫైళ్ళ పట్టీ తీసి చూశాను. అన్నయ్య కోడ్ నుంచి తయారైన ఆబ్జెక్టు ఫైలు. తేదీ నవంబరు 19, ఈ సంవత్సరమే. సమయం పదకొండూ పది.

తను జులై 22 పొద్దున ఆఫీసు మెట్ల మీద పడిపోయాడు.

ఇంటికొచ్చేశాను. వదిన "ఏంటి ముఖం అలా ఉంది?" అంది. తలనొప్పి అన్నాను.

అక్టోబరు 7

దానికి కారణం నాకు తెలుసు. రాసి పెట్టుకుంటున్నాను, తర్వాత తెలియదని అనుకోకుండా. నాలుగు నెలలకోసారి మిషన్ తనని సర్వీసు చేయమని కూయాలి. అది కూస్తుందో లేదో చూడటానికి అన్నయ్య ఈ పెట్టె గడియారాన్ని నాలుగు నెలలు ముందుకి తిప్పాడు. అలా తిప్పి ఉన్నప్పుడే బిల్డు చేశాడు. తర్వాత గడియారం వెనక్కి తిప్పాడు, ఫైలు తేదీ మాత్రం అలాగే ఉండిపోయింది. సోర్సు కంటే ఆబ్జెక్టు కొత్తదైతే బిల్డు దాని జోలికి పోదు. నేను సోర్సులో ఏం మార్చినా నా తేదీ అక్టోబరు, దాని తేదీ నవంబరు. అందుకే అది కదలదు. మాట పోదు.

ఇంతే. దెయ్యమూ లేదు, భూతమూ లేదు. ఒక్క కమాండుతో అంతా తుడిచి మొదటి నుంచీ బిల్డు చేస్తే పోతుంది.

రేపు చేస్తాను.

అక్టోబరు 8

మిగతా ఫైళ్ళు అయ్యాక చేస్తాను. మధ్యలో తుడిస్తే లెక్క కలగాపులగం అవుతుంది.

అక్టోబరు 9

లెక్క కలగాపులగం అవదు. నాకు తుడవాలని లేదు.

తను తన చేత్తో చేసినది ఆ పెట్టెలో అదొక్కటే మిగిలింది. తీగ పీకిన ప్రతిసారీ నన్ను పిలుస్తోంది. నవంబరు 19 పదకొండూ పది దాటాక నేను ఏ చిన్న మార్పు చేసినా దానంతటదే పాతదైపోతుంది, దానంతటదే పోతుంది. నేను చంపక్కర్లేదు. ఇరవై ఐదుకి ఇంకా ఆరు రోజులుంటాయి. సరిపోతాయి.

ఆరు వారాలే కదా.

అక్టోబరు 13

ఇవాళ పనిలేకపోయినా పదిసార్లు పీకాను. పదిసార్లూ పిలిచాడు. రెండుసార్లు కూలింది.

పిలిచింది అని రాయబోయి పిలిచాడు అని రాశాను. కొట్టేయను.

అక్టోబరు 17

వదిన బీరువా ఖాళీ చేసేసింది. చొక్కాలు, బెల్టులు, ఆ ముతక కోటు, అన్నీ మూటలు కట్టి గుమ్మం దగ్గర పెట్టింది. మూడు నెలలు కూడా కాలేదు అన్నాను. గొంతు లేచింది.

"మూడు నెలలైతే చొక్కాలు తొడుక్కోవడానికి వస్తాడా?" అంది. ఏడవలేదు. నేనే ఏడ్చాను.

వదిన పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే విభాగంలో పని చేస్తుంది. తర్వాత టీ పెట్టి, నా పక్కన కూర్చుని, అన్నయ్య పేరు మీద ఇంకా వస్తున్న ఉత్తరాల కట్ట విప్పుతూ మాట మార్చింది. "రోజూ చూస్తుంటాను. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు ముందు మా దగ్గరికొచ్చి ఉత్తరాలు ఆపించాలి, ఆ తర్వాత తాళాలు ఇవ్వాలి. అందరూ తలకిందులుగా చేస్తారు. తాళాలిచ్చి వెళ్ళిపోతారు. ఆ రెండు మూడు రోజుల్లో వచ్చిన ఉత్తరాలన్నీ కొత్తగా దిగినవాళ్ళ మీద పడతాయి. ఒకసారి ఒకావిడ, ఎవరిదో చావు కబురు తనదే అనుకుని స్పృహ తప్పింది."

తర్వాత అంది, "ఆ రోజు పొద్దున నీకోసం చూశాడట కదా. ఏదో చూపించాలని. నువ్వు చూశావా?"

చూశాను అన్నాను.

అక్టోబరు 18

పదకొండు ఫైళ్ళు అయిపోయాయి. ఎక్కడా ఏమీ లేదు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిందట వెనకటికి ఒకావిడ. ఆవిడకి నిజంగా తెలియదా అని నాకెప్పుడూ అనుమానమే.

అక్టోబరు 24

మూడో మంచం. నిన్న మధ్యాహ్నం.

సిస్టరు తీగ మార్చలేదు. మాష్టారు పక్కకి తిరిగితే సెన్సరు తీగ జారి, మళ్ళీ అదే తగులుకుంది. మిషన్ ఆగింది. సిస్టరు ఇరవై రెండో మంచం దగ్గర ఉంది, ఇంకొకావిడ మందుల గదిలో. అలారం కొట్టాల్సింది ఆ మిషనే, అదే పడిపోయి ఉంది. తొమ్మిది సెకన్లకి లేచింది కానీ, ట్యూబు మళ్ళీ సరిచూసుకునేదాకా గాలి ఇవ్వలేదు. సిస్టరు పరిగెత్తుకొచ్చేసరికి ఇంకో నలభై సెకన్లు.

బతికారు. పెదాలు నల్లబడ్డాయట. రాసేది కుడిచెయ్యి, ఇప్పుడు అది సరిగ్గా కదలడం లేదు.

వెళ్ళాను. నన్ను గుర్తుపట్టి ఎడమచేత్తో రాశారు. వంకరటింకరగా రెండే మాటలు. "మళ్ళీ గుటక."

సిస్టరు నన్ను కారిడార్‌లోకి తీసుకెళ్ళింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. "మీకు కారణం తెలిసిందా అండీ? నిజం చెప్పండి. తెలియకపోతే తెలియదనండి, నలుగురికీ పాత మిషన్లు పెట్టుకుంటాం. తెలిస్తే ఎందుకు ఆగారు?"

నాకు దొంగకి తేలు కుట్టినట్టయింది. పెట్టేయండి, పాతవి పెట్టేయండి అన్నాను. ఆ మాట సెప్టెంబరు నాలుగునే అనాల్సింది.

అక్టోబరు 25

ఫైలు తెరిచాను.

నేను తీసేసిన లైను ఎక్కడుండేదో పాత ప్రతిలో చూశాను. దానికి పైన ఒక లైను, కింద ఒక లైను. పై లైను సెన్సరు జాగా వదిలేస్తుంది. కింది లైను ఆ జాగాలో లెక్కలు రాసే టైమరుని ఆపుతుంది.

ముందు తాళాలిచ్చి, తర్వాత ఉత్తరాలు ఆపించడం. తలకిందులు. ఆ రెంటి మధ్యలో టైమరు ఇంకా రాస్తూనే ఉంటుంది, అప్పటికే ఆ జాగా వేరేవాళ్ళకి ఇచ్చేసి ఉంటారు. వదినకి చెప్పినా అర్థమయ్యేంత తేలిక తప్పు. కొత్తగా చేరినవాళ్ళకి నేనే మొదటి వారం పాఠంగా చెబుతాను.

సరిగ్గా ఆ రెంటి మధ్యలో నిలబెట్టాడు, ఇది ఒకసారి చూడు అని. తనకి అనుమానం వచ్చింది. రాసినవాడికి తన తప్పు తనకి కనపడదు. అందుకేగా రెండో పేరు.

జులై 21 సాయంత్రం తను పంపినప్పుడు నేను బ్యాగు సర్దుకుంటున్నాను. అన్నయ్య రాసినదాంట్లో చూడటానికేముంటుంది అనుకున్నాను. తెరవకుండానే "చూశాను" అని పేరు పెట్టాను. అందులో ఆ లైను ఉందని కూడా నాకు తెలియదు. మర్నాడు పొద్దున నన్ను వెతుక్కుంటూ మెట్లెక్కుతున్నాడు.

ఇంకొకటి రాయాలి. రాయకపోతే ఇక ఎప్పటికీ రాయను.

లాగ్‌లోకి వెళ్ళే మాట వేరే తీగ మీద అక్షరం అక్షరంగా వెళ్ళాలి. ఆ ఒక్క వాక్యం వెళ్ళడానికి దాదాపు నాలుగు మిల్లీసెకన్లు. వార్డులో వినేవాళ్ళు లేకపోయినా మిషన్ అది పలికే తీరుతుంది, అది పలికేదాకా కింది లైను ఆగి ఉంటుంది. ఆ మాట లేకపోతే రెండు లైన్ల మధ్య సందు ఎంత? రెప్పపాటులో వెయ్యో వంతు కూడా ఉండదు. కూలడం వేలల్లో ఒకసారి. మాట ఉంది కాబట్టి సందు తలుపంత అయింది. ఆ ఏడు అంకెలు దూరింది ఆ తలుపులోంచే.

నేను దాచుకున్న మాటే మాష్టారి ఊపిరి ఆపింది. పద్దెనిమిది రోజులు తెలిసి దాచుకున్నాను.

అక్టోబరు 26

గడువు గారికి అంతా చెప్పాను. తప్పు ఎక్కడుందో, సంతకం ఎవరిదో, తేదీ సంగతి నాకు ఎప్పటి నుంచి తెలుసో. మొదటిసారి ఆయన, ఎప్పటికల్లా అని అడగలేదు.

"మీ అన్నయ్య పేరు చెడుతుందనా దాచారు?" అన్నారు.

కాదండి అన్నాను. నా పేరు చెడుతుందని కూడా కాదు. ఆయనకి అర్థమైందో లేదో. విచారణ ఉంటుందన్నారు. మాష్టారి ఇంటివాళ్ళకి చెప్పేటప్పుడు నేనూ ఉండాలన్నారు. ఉంటానన్నాను.

అక్టోబరు 27

వదినకి చెప్పాను. ఆ రోజు నేను చూడలేదు వదినా అన్నాను.

ఉత్తరాలు సర్దుతున్న చెయ్యి ఆగింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "మరి ఇప్పుడు చూశావా?" అంది.

చూశాను.

"ఏముంది?"

రెండు లైన్లు అటుదిటు అయ్యాయి వదినా. అంతే.

వదిన లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి చాలాసేపు విప్పే ఉంది.

అక్టోబరు 28

రెండు లైన్లూ మార్చాను. ముందు టైమరు ఆపడం, తర్వాత జాగా వదలడం. ప్యాచ్ కింద రాసినది అని నా పేరు పెట్టాను. చూసేవాళ్ళ కోసం పక్క విభాగంలో అందరికంటే చాదస్తపు మనిషిని అడిగాను, పైకి చదివితేగానీ సంతకం పెట్టకూడదన్న షరతుతో. రెండు లైన్లకి ఆయన గంటన్నర తీసుకున్నాడు. నా కామా ఒకటి తప్పని పట్టుకున్నాడు. నాకు ఆయన కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

తర్వాత గదికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. తుడిచే కమాండు కొట్టి, ఎంటరు నొక్కకుండా కూర్చున్నాను. రబ్బరు ఊపిరితిత్తి లేస్తోంది, పడుతోంది. ఒక్కసారి, ఆఖరిసారి వినాలనిపించింది. తీగ మీద చెయ్యి కూడా వేశాను.

పీకలేదు. చూడమన్నాడు, చూశాను. ఇంకా పిలిపించుకోవడం ఎందుకు?

ఎంటరు నొక్కాను. ఫైళ్ళ పట్టీ తీస్తే నవంబరు 19 లేదు. మొదటి నుంచీ బిల్డు మొదలైంది. ఇరవై ఆరు నిమిషాలు. పసుపు హెచ్చరిక రాలేదు.

అక్టోబరు 29

మాష్టారు పాత మిషన్ మీదే ఉన్నారు. కుడిచేతిలో బొటనవేలు కదిలిందని సిస్టరు ఫోన్ చేసి చెప్పింది. వెంటనే పెట్టేసింది.

కొత్త ఇమేజి ఎక్కించాను. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి భోజనానికి కూడా లేవకుండా రెండు వేలసార్లు తీగ పీకి పెట్టాను. వేళ్ళు బొబ్బలెక్కాయి. మిషన్ ఒక్కసారి కూడా ఆగలేదు.

ఒక్కసారి కూడా పిలవలేదు.